మూడో గదిలో మూగబోయిన బటన్

"ఇంకోసారి ఒత్తండి మేడమ్," అన్నాడు అలారం బటన్లు తయారుచేసే కంపెనీ డిజైనర్.

ఖాయమమ్మ మోచేతి దాకా చెయ్యి ఫ్రీజర్ పెట్టెలోకి దూర్చి లోపలి బటన్‌ను ఇంకోసారి ఒత్తింది. పరీక్షకని దానికి జత కలిపిన గోడ మీది సైరన్ ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ ఒత్తింది. వేలు తిమ్మిరెక్కింది గానీ సైరన్ నోరు విప్పలేదు.

"ఇప్పుడు బయటికి తీయండి. కాసేపు అరచేతిలో వెచ్చగా ఉంచండి. ఆఁ, ఇప్పుడు ఒత్తండి."

ఒత్తీ ఒత్తగానే గది అదిరిపోయేలా సైరన్ కూసింది. పక్క బల్లల దగ్గర సోల్డరింగ్ చేసుకుంటున్నవాళ్ళు చెవులు మూసుకుని విసుగ్గా చూశారు. డిజైనర్ దాన్ని ఆపేశాడు. ఏసీ గదిలో నిలబడి ఉన్నా ఖాయమమ్మకు ఒళ్ళంతా చెమట పట్టింది.

ఆమె ప్రైవేటు డిటెక్టివ్. మాటకు ముందు 'ఖాయం', మాట తర్వాత 'ఖాయం' అనే అలవాటు చూసి పోలీసులు పెట్టిన పేరు ఖాయమమ్మ. ఎగతాళికి పెట్టిందే అయినా ఆమె దాన్ని బిరుదులా మోస్తూ వచ్చింది. నాలుగు రోజుల కిందట కూడా అదే మాట అంది. 'సైరన్ మోగింది. స్టోర్‌కీపర్ విన్నాడు. విని కూడా తలుపు తీయలేదు. ఖాయం.' ఆ మాట పట్టుకునే నిన్న ఒక మనిషిని లాకప్పులో పెట్టారు. ఈ సాయంత్రం అతన్ని హత్యానేరం మీద కోర్టులో హాజరుపరచబోతున్నారు.

కేసు చూడటానికి చిన్నదే. అన్నదమ్ములిద్దరు నడిపే శీతల గిడ్డంగి, అందులో గడ్డకట్టే చలిగదులు నాలుగు. సాయంత్రం గిడ్డంగి మూసే వేళకు మూడో గదిలోకి సరుకు చూసుకోవడానికి వెళ్ళిన అన్న లోపలే ఉండిపోయాడు. స్టోర్‌కీపర్ బయట గడియ వేసి, రావలసిన లారీ కోసం గంటసేపు అక్కడే కాచుకుని, అది రాకపోయేసరికి ఇంటికి వెళ్ళిపోయాడు. లోపలినుంచి తలుపు తెరిచే పిడి విరిగి చాలా రోజులైంది. బాగుచేయించే పని తమ్ముడిది, అతనికి తీరిక దొరకలేదు. ఇక మిగిలింది గోడకున్న బటన్ ఒక్కటే. తీగలు లేని చిన్న డబ్బా అది, లోపల బిళ్ళ బ్యాటరీ. దాన్ని ఒత్తితే బయట సైరన్ మోగాలి. మర్నాడు తలుపు తీసేసరికి అన్న ఆ బటన్ కిందే కూలబడి ఉన్నాడు. ఒత్తీ ఒత్తీ పగిలిన వేలి నెత్తురు డబ్బా మీద గడ్డకట్టి ఉంది.

పోలీసులు ప్రమాదమన్నారు. తమ్ముడు మాత్రం 'మా అన్నయ్యను పొట్టన పెట్టుకున్నారు' అని ఏడుస్తూ ఖాయమమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె డబ్బా విప్పకుండానే వెనకున్న రెండు రేకులకు మీటర్ పెట్టి బ్యాటరీ చూసింది, నిండా మూడు వోల్టులు. బటన్ ఒత్తి చూసింది, సైరన్ ఊరు లేచేలా మోగింది. అంతే, స్టోర్‌కీపర్ 'మోగలేదమ్మా' అంటే మొహం మీదే 'అబద్ధం' అనేసింది. ఇవాళ ఇక్కడికి రావడం కూడా లాంఛనానికే. బటన్ బాగానే పనిచేస్తోందని తయారుచేసినవాళ్ళ నోట కోర్టుకు ఒక మాట కావాలి.

"మీరు దీన్ని ఎక్కడ పరీక్షించారు?" అనడిగాడు డిజైనర్.

"గిడ్డంగి ఆఫీసులో. బల్ల మీద."

"చలిగదిలోకి వెళ్ళి ఒత్తి చూడలేదా?"

'లోపల చలి మేడమ్, ఇక్కడే చూసేయండి' అన్నాడు ఆ రోజు తమ్ముడు. శాలువా తెచ్చుకోలేదు కదా అని ఆమె సరేనంది. తనకు చలేస్తుందని ఒక మనిషిని లాకప్పులోకి తోయించానన్న మాట పైకి అనడానికి నాలుక తిరగలేదు.

"వెళ్ళలేదు," అంది చివరికి.

డిజైనర్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. కంపెనీలో అందరూ అతన్ని పిసినారి అంటారు, అతనూ మురిసిపోతాడు. డబ్బు విషయంలో కాదు, కరెంటు విషయంలో. ఒక్క బొట్టు కరెంటు వృథా అయినా ప్రాణం పోయినట్టు చూస్తాడు. బిళ్ళ బ్యాటరీ ఒక్కటి ఐదేళ్ళు రావాలన్నది అతని పంతం.

"బిళ్ళ బ్యాటరీ నుంచి కరెంటు బొట్లు బొట్లుగా వస్తుంది మేడమ్," అన్నాడు. "సిగ్నల్ పంపాలంటే ఒక్కసారిగా గ్లాసుడు కావాలి. వెచ్చగా ఉంటే ఎలాగో ఇస్తుంది. చలికి బ్యాటరీ బిగుసుకుపోతుంది. గ్లాసుడు అడగ్గానే చతికిలబడుతుంది. దాంతో చిప్ సొమ్మసిల్లుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పంపబోయి మళ్ళీ పడిపోతుంది. మీటర్ పెడితే మాత్రం మూడు వోల్టులూ కనిపిస్తాయి, మీటర్ ఏమీ తాగదు కదా."

"అయితే మీరు చలిగదులకు పనికిరాని బటన్ అమ్మారన్నమాట."

"లేదు మేడమ్! చలిగదుల మోడల్లో బ్యాటరీ పక్కనే కెపాసిటర్ ఉంటుంది. ఇంతుంటుంది, డ్రమ్ములాగా. బొట్లు పట్టి ఉంచే చెంబు అనుకోండి. సిగ్నల్ పంపేటప్పుడు చెంబుతో పోస్తుంది. మామూలు గదుల మోడల్లో దాన్ని తీసేశాను. చెంబు కూడా కొంచెం కారుతుంది, ఆ కారడం నాకు నచ్చదు."

"ఒత్తినప్పుడు ఇందులో దీపమేదీ వెలగలేదే?"

"దీపం కరెంటు తింటుందని…" అతని గొంతు సన్నబడింది. "అదీ తీసేశాను."

అంటే తన పిలుపు బయటికి వెళ్ళిందో లేదో కూడా ఆ మనిషికి తెలియలేదు. వెళ్ళిందనే అనుకుని, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎవరో వస్తారని చూస్తూ ఉండి ఉంటాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"విప్పండి. చెంబు ఉందో లేదో చూద్దాం."

డిజైనర్ బొటనవేలు బటన్ మీద గట్టిగా అదిమి మూత తిప్పాడు. సైరన్ కుయ్యిమంది. "విప్పాలంటే ఒత్తాల్సిందే మేడమ్, ఎవరూ చాటుగా తెరవకుండా అలా పెట్టాం," అంటూ లోపలికి తొంగి చూశాడు. చూసిన మరుక్షణం మూత మూసేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లేదు మేడమ్. ఫ్యాక్టరీలో పెట్టడం మరిచిపోయినట్టున్నారు. పొరపాటు మాదే. నేను రాసిస్తాను."

నేరాలు చేసినవాళ్ళు తప్పు పక్కవాళ్ళ మీదకు తోయడం ఖాయమమ్మ చాలాసార్లు చూసింది. ఇంత తొందరగా నెత్తిన వేసుకునేవాళ్ళు ఇంకేదో దాస్తున్నట్టు లెక్క.

"మూత తీయండి."

"చెప్పాను కదా మేడమ్…"

"తీయమన్నాను."

బ్యాటరీ పక్కన ఖాళీ చోటు కనిపించింది. అందులోంచి రెండు సన్నటి తీగ ముక్కలు పైకి పొడుచుకుని ఉన్నాయి. రెండూ ఒకేలా ఏటవాలుగా తెగి ఉన్నాయి.

"పెట్టడం మరిచిపోతే ఈ తీగ కాళ్ళెక్కడినుంచి వచ్చాయి? దీన్ని పెట్టాకే ఎవరో కత్తిరించారు. ఎవరు?"

డిజైనర్ స్టూలు మీద కూలబడ్డాడు. చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

"నేనే," అన్నాడు. "కటర్ అలా వాల్చి పట్టుకోవడం నా అలవాటు. ఆ కత్తిరింపు నాదే మేడమ్."

ఆ తర్వాత అతను ఆగకుండా చెప్పాడు. చలిగదుల మోడల్ ఖరీదెక్కువ. కొనేవాళ్ళు వెనకాడతారు. అందుకని అతను ఒక ప్రదర్శన కనిపెట్టాడు. కొనేవాడి కళ్ళ ముందే ఒక బటన్ విప్పి, కెపాసిటర్ కాళ్ళు కత్తిరించి, బల్ల మీద ఒత్తిస్తాడు. మోగుతుంది. చలిగదిలో పెట్టి ఒత్తిస్తాడు. మూగబోతుంది. గిడ్డంగిలోనూ అలాగే చేశాడు. అన్న ఊళ్ళో లేడు, స్టోర్‌కీపర్ ఆ రోజు సెలవు. చూసింది తమ్ముడొక్కడే.

"గిడ్డంగికని తెచ్చిన సైరన్‌కే మూడో గది బటన్‌గా ఈ నమూనాను కూడా జత కలిపి చూపించాను. 'చూశారా, ఇంత ముక్క లేకపోతే మనిషి ప్రాణం పోతుంది' అని గొప్పగా అన్నాను. ఆయన నవ్వి, 'అన్నయ్యకు చూపిస్తాను, ఇచ్చి వెళ్ళు' అన్నాడు. ఇచ్చేశాను. జత కూడా తీసేయలేదు."

"ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదు?"

"చావు వార్త వినగానే భయమేసింది మేడమ్, మా బటన్ మోగలేదేమోనని. తర్వాత మీరు మోగిందని తేల్చారన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఇంకో మనిషి లోపల ఉన్నాడని తెలిసి కూడా సుఖంగా నిద్రపోయాను." చేతుల్లో మొహం దాచుకున్నాడు.

తిట్టే హక్కు ఖాయమమ్మకు లేదు. ఆ నిద్రకు మంచం వేసింది తనే కదా.

* * *

ఖాయమమ్మ డిజైనర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి గిడ్డంగి వరండాలో ఇన్‌స్పెక్టర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన ఖాయమమ్మ అక్క భర్త. ఇంట్లో బావా మరదళ్ళ పరాచికాలే గానీ కేసు దగ్గరికొస్తే ఉప్పూ నిప్పూ. మేడ మెట్ల దగ్గర నిలబడి తమ్ముడు ముగ్గురికీ నమస్కారం పెట్టాడు. "నేను పైన నా గదిలో ఉంటాను, ఏం కావాలన్నా పిలవండి," అని పైకి వెళ్ళిపోయాడు. ఖాయమమ్మ తిరిగి నమస్కారం పెట్టింది గానీ అతని కళ్ళలోకి చూడలేదు.

"రా మరదలా, రా. సాయంత్రం కోర్టు పెట్టుకుని పిలిపించావు, ఏమిటి కొత్త ఖాయం?"

"స్టోర్‌కీపర్‌ను వదిలెయ్ బావా. నేను పొరపడ్డాను."

ఇన్‌స్పెక్టర్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "ఏమన్నావు? ఇంకోసారి చెప్పు."

"పొరపడ్డానన్నాను. సైరన్ మోగలేదు."

"బాగుంది వరస! నేను ప్రమాదమంటే, పెద్ద ఆఫీసరు ముందు నన్ను నిలబెట్టి 'మీటర్ పెట్టి చూశారా ఇన్‌స్పెక్టర్ గారూ' అన్నదెవరు? మా స్టేషన్లో కానిస్టేబుళ్ళు కూడా నన్ను చూసి ఇప్పటికీ ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఇప్పుడొచ్చి మోగలేదంటావా?"

"ఎన్ని తిట్టాలనుకుంటే అన్నీ తర్వాత తిట్టు. ముందు అతన్ని వదులు."

"వదలడానికి వాడు నిన్న రాత్రి ఒప్పుకున్నాడు తల్లీ. 'సైరన్ మోగింది, నేను తలుపు తీయలేదు' అని వాడి నోటితో వాడే చెప్పాడు. మోగని సైరన్ మోగిందని ఎవడైనా అంటాడా?"

ఖాయమమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "కొట్టావా?"

"మీ అక్క మీద ఒట్టు, ఒక్క దెబ్బ వేయలేదు. ఎందుకు ఒప్పుకున్నాడో నాకూ అర్థం కాలేదు. ఒప్పుకున్నాడు, అంతే."

ఆమెకూ అర్థం కాలేదు. కానీ ఆలోచిస్తూ నిలబడే వ్యవధి లేదు. మూడో గది తలుపు లాగి, ఈసారి శాలువా లేకుండానే లోపలికి నడిచింది. చలి పళ్ళలోకి దిగింది. గోడ మీద బటన్ ఉండే చోట నెత్తుటి మరక ఇంకా ఉంది. సంచిలోంచి బటన్ తీసి, ఆ మరక పక్కనే ఆనించి, చలి పూర్తిగా పట్టేదాకా అలాగే నిలబడింది. ఆ కాసేపటికే వేళ్ళు కొయ్యబారాయి. ఆ మనిషి ఇక్కడ ఎంతసేపు నిలబడ్డాడో తలచుకుంటే బయటికి వెళ్ళే ధైర్యం కూడా రాలేదు. ఒత్తింది. మళ్ళీ మళ్ళీ ఒత్తింది.

"మోగలేదు," అన్నాడు బయటినుంచి ఇన్‌స్పెక్టర్. ఆయన గొంతులో పరాచికం పోయింది.

రెండో గదిలో బటన్ ఒత్తారు. సైరన్ మోగింది. నాలుగో గదిలోదీ మోగింది. డిజైనర్ తెగిన కాళ్ళు చూపించి, ప్రదర్శన సంగతి తల వంచుకుని చెప్పాడు.

"అయితే ఇతన్నే తీసుకెళ్తాను," అంటూ ఇన్‌స్పెక్టర్ డిజైనర్ భుజం పట్టుకున్నాడు. "కత్తిరించింది తనేనంటున్నాడు. నమూనా ఎవరికో ఇచ్చానంటే నమ్మేయాలా? బిగించేటప్పుడు వీళ్ళే పొరపాటున దీన్ని బిగించి, ఇప్పుడు ఆ తమ్ముడి మీదకు తోస్తున్నారేమో! పాపం, ఆ మనిషి అన్నను పోగొట్టుకుని ఏడుస్తున్నాడు."

డిజైనర్ కుక్కిన పేనులా నిలబడ్డాడు. ఎదురు చెప్పే ఉద్దేశం అతనికి ఉన్నట్టే లేదు.

"ఆగు బావా," అంది ఖాయమమ్మ. ఆమె చూపు సైరన్ కింద ఉన్న పలక మీద ఉంది. పలకలో వరసగా నాలుగు చిన్న దీపాలు, నాలుగూ పచ్చగా వెలుగుతున్నాయి. "ఇవేమిటి?"

"హాజరు దీపాలు మేడమ్," అన్నాడు డిజైనర్. "బటన్లు రోజంతా నిద్రలో ఉంటాయి. పొద్దున ఒక్కసారి లేచి 'నేనున్నాను' అని చెప్పి మళ్ళీ పడుకుంటాయి. చెప్పిందంటే ఆ గది దీపం పచ్చగా ఉంటుంది. చెప్పకపోతే ఎర్రబడుతుంది."

"ఎంత దూరంనుంచి చెప్పగలవు?"

"ఈ భవనం దాటితే వినపడదు."

ఖాయమమ్మ సంచిలోని బటన్‌ను తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇది నాలుగు రోజులుగా నా ఇంట్లో, నా సంచిలో ఉంది. మూడో గదికి బటనే లేదు. మరి ఈ పొద్దున మూడో గది పేరు చెప్పి హాజరు పలికిందెవరు?"

డిజైనర్ తలెత్తాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అతని భుజం మీదినుంచి జారింది.

"అసలు బటన్ మేడమ్! గోడ మీదినుంచి తీసింది. ఇక్కడే ఎక్కడో బతికే ఉంది. చలిలో ఈ నమూనాకు హాజరు చెప్పే ఓపిక కూడా ఉండదు. దీపం ఎర్రబడకూడదంటే అసలుదాన్ని దగ్గర్లోనే దాచాలి."

"ఈ బటన్ నేను పట్టుకెళ్ళాక దీపం ఎర్రబడాలన్న సంగతి దాచినవాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు, మా బావకూ తట్టలేదు," అంది ఖాయమమ్మ. మాట పూర్తయిందో లేదో పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. వరండా మీదికి తెరుచుకునే మేడ గది కిటికీ దడాలున మూసుకుంది.

ముగ్గురూ పైకి చూశారు. అంతలోనే గోడ మీది సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలుపెట్టింది.

బటన్ ఆమె అరచేతిలో కదలకుండా పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"విప్పుతున్నాడు!" అని అరిచాడు డిజైనర్. "బ్యాటరీ తీసేయడానికి విప్పుతున్నాడు!"

ఇన్‌స్పెక్టర్ మెట్లు రెండేసి ఎక్కేశాడు. వాళ్ళు గదిలోకి వెళ్ళేసరికి తమ్ముడు బల్ల వెనక నిలబడి, బొటనవేలితో అదిమి మూత తిప్పడానికి పెనుగులాడుతున్నాడు. తిప్పినకొద్దీ కింద సైరన్ గోల పెడుతోంది. వాళ్ళను చూసి చేతిలోది వెనక్కి దాచుకోబోయి, ఇక లాభం లేదనుకున్నాడేమో, బల్ల మీద పెట్టేశాడు.

"మా అన్నయ్య ఆఖరిసారి ముట్టుకున్న వస్తువు," అన్నాడు డగ్గుత్తికతో. "గుర్తుగా దాచుకున్నాను."

"మీ అన్నయ్య ఆఖరిసారి ముట్టుకున్నది ఇదీ," అని ఖాయమమ్మ నెత్తుటి మరక ఉన్న బటన్ దాని పక్కన పెట్టింది. "మరక మీద పోలీసుల కళ్ళు పడ్డాయి కాబట్టి దీన్ని మార్చే వీలు మీకు లేకపోయింది. ప్రమాదమని వదిలేస్తే, పిడి ఎందుకు బాగుచేయించలేదని మీ మెడకే చుట్టుకుంటుంది. అందుకని నా దగ్గరికి వచ్చారు. వెచ్చటి గదిలో ఒత్తించారు."

"మీకు మతి పోయింది. ఇది నేనెందుకు చేస్తాను?"

"గిడ్డంగి అమ్మేద్దామని మీరు, అమ్మనని ఆయన, ఏడాదిగా కొట్టుకుంటున్నారని నా మొదటి రోజు విచారణలోనే తెలిసింది. తెలిసీ పక్కన పెట్టాను. మీ ఏడుపు చూసి."

తమ్ముడు ఆమెను తేరిపార చూశాడు. ఇక ఏడుపు గొంతు అవసరం లేదనుకున్నట్టుంది. "ఊళ్ళో డిటెక్టివులకు కరువా మేడమ్? మీ దగ్గరికే ఎందుకు వచ్చానంటారు? మీరు ఒకసారి అన్నారంటే ఇక వెనక్కి తగ్గరని అందరూ అనుకుంటారు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఖాయమమ్మ మొహం తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ అతని చేతులకు సంకెళ్ళు వేస్తూ, మామూలప్పుడైతే మరదల్ని ఒక మాట అనేవాడే, ఇప్పుడు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఇంకా కష్టమనిపించింది.

* * *

"నువ్వు రానక్కర్లేదు," అన్నాడు స్టేషన్ గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. "నేను వదిలేస్తానులే. ఇంటికెళ్ళు."

"మొహం మీద అబద్ధమన్నది నేను బావా. మొహం మీదే చెప్పాలి."

లాకప్పులో స్టోర్‌కీపర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జుట్టు నెరిసిన మనిషి. పక్కన పెట్టిన భోజనం ముట్టినట్టు లేదు. తాళం తీసిన చప్పుడుకు కదలలేదు. ఆమె నీడ మీద పడ్డాకే ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకున్నాడు. ఆ చేతులు చూసి ఖాయమమ్మకు చచ్చినంత పనైంది.

"కూర్చోండి. మీరు కూర్చోండి ముందు."

"ఆఁ?"

ఆమె దగ్గరికి జరిగి గట్టిగా చెప్పింది. "సైరన్ మోగలేదు. మీరు చెప్పిందే నిజం. నేనే తప్పు చేశాను. మిమ్మల్ని వదిలేస్తున్నారు."

స్టోర్‌కీపర్ ఆమె పెదాల వైపే చూస్తూ విన్నాడు. అతని మొహంలో ఆమె ఎదురుచూసిన సంతోషం రాలేదు.

"మోగలేదా? కానీ మీరు మోగిందన్నారు కదమ్మా."

"అన్నాను. అది తప్పు. మరి మీరెందుకు ఒప్పుకున్నారు? మోగలేదని మీకు తెలుసు కదా?"

అతను తల వంచుకున్నాడు.

"నాకు చెవులు సరిగా వినపడవమ్మా. రెండేళ్ళుగా తగ్గుతూ వస్తున్నాయి. ఉద్యోగం పోతుందని దాచాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు, ఏదడిగినా పరధ్యానంలో ఉన్నట్టు నటించేవాణ్ణి. మొదట మోగలేదనే అనుకున్నాను. మీరు మీటర్లూ అవీ పెట్టి మోగిందని తేల్చారన్నారు. అప్పుడు తెలిసింది, మోగే ఉంటుంది, నా పాడు చెవులకే వినపడలేదని. గంటసేపు అక్కడే కూర్చుని, అయ్యగారు అంతలా పిలుస్తుంటే వినకుండా లారీ కోసం చూశాను. అంతకంటే హత్య ఏముందని ఒప్పేసుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీ చెవుల సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"చిన్నయ్యగారికి ఒక్కరికే తెలుసు. దాచలేక ఆయనతో చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పనని, ఉద్యోగం తీయించనని మాటిచ్చారు. దేవుడులాంటి మనిషి. ఆ రోజు కూడా మూసే వేళకు 'నువ్వు గడియ వేసేయ్, అన్నయ్య వెళ్ళిపోయాడు' అని ఆయనే చెప్పారు. పాపం, పొరపడినట్టున్నారు. అన్నయ్య పోయి ఒంటరైపోయారు. ఎలా ఉన్నారమ్మా?"

ఖాయమమ్మ బావ వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. చెప్పడం తన వంతేనని ఆమెకు తెలుసు. ఒక్కొక్క ముక్కా, ఆ పెదాలు చదివే మనిషికి అందేలా, నెమ్మదిగా చెప్పింది. బటన్ ఎవరు మార్చారో చెప్పింది. లోపలినుంచి ఎంత కొట్టినా వినపడని మనిషినే ఏరి తలుపు దగ్గర ఎందుకు నిలబెట్టారో చెప్పింది. ఇంత చెవుడు తన కళ్ళెదుట ఉండగా తను చూడలేదని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ పట్టుబట్టి అతని మొహం వైపే చూసింది.

స్టోర్‌కీపర్ ఏడవలేదు. ఒక ప్రశ్న అడిగాడు.

"తలుపు మూసే ముందు అలవాటు కొద్దీ లోపలికి తల పెట్టి 'ఎవరైనా ఉన్నారా' అని కేకేశానమ్మా. ఏమీ వినపడలేదు, గడియ వేశాను. సైరన్ సంగతి సరే. అయ్యగారు లోపలినుంచి పలికారంటారా? పలికితే నాకు వినపడలేదంటారా?"

అన్న గది చివర పెట్టెల వెనక ఉండి వినిపించుకోకపోయి ఉండవచ్చు. పలికి ఉండవచ్చు. పలకలేదని చెబితే ఈ మనిషి ఇవాళ ఇంటికి వెళ్ళి అన్నం తింటాడు. చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదు," అంది.

అతను తలూపి, చెప్పుల కోసం వెతుక్కుని, గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగాడు.

"ఆ మాటేదో ఆ రోజే అని ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. చెప్పులు వేసుకుని, ఎటు వెళ్ళాలో తెలియనట్టు మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు.